చేసిన పని చెప్పుకోవడం తప్పా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నేను ఇక్కడ 1996లో పదో తరగతి పూర్తి చేశాను. ఇరవై రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగంలో ఉద్యోగం చేస్తున్నాను. అందులో చివరి పన్నెండేళ్లూ మేనేజరుగా గడిచాయి. అంటే ఎవరికి ఏ రేటింగు ఇవ్వాలి, ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలి అని తేల్చే గదుల్లో కూర్చునే మనిషినన్నమాట.

నెల కిందట సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "మన బడి పిల్లలు ఈ నాలుగైదేళ్లలో చాలామంది కంపెనీల్లో చేరారండీ. పని బాగానే చేస్తున్నారు. అయినా తోటివాళ్లు ముందుకు పోతుంటే తాము అక్కడే ఉండిపోతున్నామని బాధపడుతున్నారు. వాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అందుకని ఈవేళ పెద్ద పెద్ద సిద్ధాంతాల జోలికి పోను. ఆ గదుల్లో నేను కళ్లారా చూసింది మాత్రం చెబుతాను.

బడికీ కంపెనీకీ ఉన్న తేడా

మనమంతా "నిండుకుండ తొణకదు" అని విని పెరిగినవాళ్లం. "నీ పని నువ్వు చేసుకుంటూ పో, గుర్తింపు దానంతట అదే వస్తుంది" అని ఇంట్లో అమ్మానాన్నలు చెప్పారు, బడిలో మాస్టార్లు చెప్పారు. నేను వాళ్ల మాటను కాదనడం లేదు. ఈ బడిలో ఆ మాట అక్షరాలా నిజమైంది కూడా. అయితే ఎందుకు నిజమైందో ఒక్కసారి ఆలోచించండి.

మా లెక్కల మాస్టారు తరగతిలో ఉన్న నలభై ఐదు మంది పేపర్లూ చదివేవారు. జవాబు తప్పినా, పక్కన రఫ్‌గా వేసిన లెక్క చూసి, దారి సరైనదే పట్టాడని రెండు మార్కులు వేసేవారు. చివరి బెంచీలో నోరు విప్పకుండా కూర్చునే పిల్లవాడికి లెక్క వచ్చిందో రాలేదో ముఖం చూసి చెప్పేవారు. మమ్మల్ని చూడటమే ఆయన ఉద్యోగం. అందుకే మేం మౌనంగా ఉన్నా మా పని కనిపించింది.

కంపెనీలో అలా చూసే ఉద్యోగం ఎవరికీ ఉండదు. మీ మేనేజరు కింద పదిమందో పదిహేనుమందో ఉంటారు. ఆయన పైన క్లయింటు ఉంటాడు, గడువులుంటాయి, ఆయన ఉద్యోగం గురించి ఆయన బెంగ ఆయనకుంటుంది. మీరు రోజంతా చేసిన పనిలో ఆయన కంట పడేది కొన్ని నిమిషాల పని. ఆయన చెడ్డవాడు కావడం వల్ల కాదు, అక్కడి ఏర్పాటే అంత.

పైగా మంచి పనికి ఒక శాపం ఉంది. ఊళ్లో నీళ్ల ట్యాంకు చూసుకునే మనిషిని గుర్తుచేసుకోండి. రోజూ వేళకు కుళాయి వస్తున్నంతకాలం ఆయన పేరు ఎవరికీ గుర్తురాదు. ఒక్కపూట నీళ్లు రాకపోతే మాత్రం ఊరంతా ఆయన కోసమే వెతుకుతుంది. కంపెనీల్లో సగం పనులు ఇలాంటివే. బాగా చేస్తే కనిపించవు, ఆగిపోతేనే కనిపిస్తాయి.

ఇదే ఆవరణలో మనం పొద్దున్నే చేయి ముందుకు చాచి చదివిన ప్రతిజ్ఞ ఎవరు రాశారో మనలో ఎంతమందికి తెలుసు? రాసింది మన తెలుగాయనే. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. దేశంలో కోట్లమంది పిల్లలు దాన్ని నోటికి నేర్చుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఏళ్ల తరబడి ఆయన పేరు లేదు. అంత పెద్ద పని అందరి నోళ్లలో ఉంది, చేసిన మనిషి మాత్రం ఎవరి కంటికీ కనిపించలేదు. పని గొప్పదైతే చాలు, పేరు దానంతట అదే వస్తుందని ఇకమీద ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేసుకోండి.

ఆ గదిలో ఏం జరుగుతుంది

ఇప్పుడు నేను కూర్చునే గదిలోకి మిమ్మల్ని తీసుకెళతాను. చాలా కంపెనీల్లో ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఏడాది లెక్క. ఏడాది చివర మీరు సెల్ఫ్ అప్రైజల్ రాస్తారు, మేనేజరు దానిమీద రేటింగు పెడతాడు. అక్కడితో అయిపోయిందని కొత్తవాళ్లు అనుకుంటారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. నలుగురైదుగురు మేనేజర్లు, వాళ్ల పై అధికారి, హెచ్‌ఆర్ నుంచి ఒకరు కలిసి కూర్చుంటారు. ఎదురుగా అరవైమంది పేర్ల జాబితా ఉందనుకోండి. అందరికీ పై రేటింగు ఇవ్వడానికి బడ్జెట్ చాలదు. కాబట్టి ఒకరి పక్కన ఒకరిని పెట్టి పోలుస్తారు.

ఈ పోలికకు పాత చరిత్ర ఉంది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీని 1981 నుంచి 2001 వరకు నడిపిన జాక్ వెల్చ్, ఉద్యోగులను పై 20 శాతం, నడిమి 70 శాతం, అడుగు 10 శాతం అని విడగొట్టే పద్ధతికి ప్రచారం తెచ్చారు. దాన్ని చూసి ఎన్నో కంపెనీలు ఆ దారి పట్టాయి. తరువాత దానిమీద విమర్శలు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ 2013లో అలాంటి వరుస లెక్క మానేసింది. ఇప్పుడు మన దగ్గరా చాలాచోట్ల "బెల్ కర్వ్ లేదు" అంటున్నారు. పేరు పోయినా పోల్చడం పోలేదు. డబ్బుకు హద్దు ఉన్నంతకాలం అది పోదు కూడా.

ఆ గదిలో ఒక్కో పేరు మీద గడిచేది రెండు మూడు నిమిషాలు. "ఈ అబ్బాయికి పై రేటింగు ఎందుకు?" అని పై అధికారి అడుగుతారు. మేనేజరు ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. "మంచి కుర్రాడండీ, బాగా కష్టపడతాడు" అన్నాడనుకోండి. "మా టీమ్‌లోనూ అందరూ కష్టపడుతున్నారు" అంటాడు ఎదుటి మేనేజరు. అక్కడితో ఆ పేరు పక్కకు పోతుంది. అదే, "క్లయింటుకు జీతాల ఫైలు తయారవడానికి ఆరు గంటలు పట్టేది, ఇతను చేసిన మార్పుతో రెండు గంటల్లో తయారవుతోంది" అన్నాడనుకోండి. ఇక ఎవరూ మాట్లాడరు.

ఆ గదిలో మీరు ఉండరు. మీ తరఫున మాట్లాడే మనిషి దగ్గర, ఏడాది పొడుగునా మీరు ఆయన చేతికి అందించిన వాక్యాలే ఉంటాయి. అందించకపోతే ఆయన "మంచి కుర్రాడండీ" దగ్గరే ఆగిపోతాడు.

కొన్నేళ్ల కిందట అలాంటి గదిలోనే ఒక అమ్మాయి పేరు వచ్చింది. ఆమె నా టీమ్ కాదు. ఆమె పేరు నేను మొదటిసారి విన్నది ఆ రోజే. ఒక ఇన్సూరెన్స్ క్లయింటుకు రాత్రిపూట నడిచే ప్రోగ్రాములు ఆమె చూసుకునేది. పొద్దున ఆరు గంటలకల్లా వాళ్ల రిపోర్టులు సిద్ధంగా ఉండాలి. ఆమె రాకముందు ఆ పని నెలకు రెండు మూడుసార్లు మధ్యలో ఆగిపోయేదట. ఆమె ఒక్కో కారణాన్నీ వెతికి సరిచేసింది. తరువాత ఎనిమిది నెలలు ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ ఈ లెక్క ఆ రోజు గదిలో ఎవరి దగ్గరా లేదు. ఆమె మేనేజరు "ఆమె దగ్గర సమస్యలేమీ లేవండీ" అన్నాడు. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నాడు. విన్నవాళ్లకు మాత్రం, ఆమె దగ్గర పెద్ద పనేమీ లేదని వినిపించింది. మధ్య రేటింగు పడింది.

అదే జాబితాలో ఇంకో అబ్బాయి ఉన్నాడు. ఒక శనివారం రాత్రి సిస్టమ్ ఆగిపోతే తెల్లవార్లూ కూర్చుని లేపాడు. అది అందరూ చూశారు, పై రేటింగు వచ్చింది. అతనూ కష్టపడ్డాడు, కాదనను. కానీ ఇల్లు అంటుకున్నాక ఆర్పినవాడు అందరికీ కనిపించాడు. ఇల్లు అంటుకోకుండా చూసుకున్న మనిషి కనిపించలేదు.

ఆ అమ్మాయి రాజీనామా చేసి వేరే కంపెనీకి వెళ్లిపోయింది. ఆమె వెళ్లిన ఆరు వారాల్లో ఆ రాత్రి పని మూడుసార్లు ఆగింది. ఆమె ఎంత పని చేసిందో అప్పుడు అందరికీ తెలిసింది. తెలిసి ఏం లాభం? కంపెనీ ఒక మంచి మనిషిని పోగొట్టుకుంది, ఆమెకు దక్కాల్సిన ఏడాది దక్కలేదు.

ఇలాంటివాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి బళ్ల నుంచి వచ్చినవాళ్లే. పని చేతనయినవాళ్లు, చెప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లు. అందుకే ఈవేళ ఇంత గట్టిగా చెబుతున్నాను.

శుక్రవారం ఐదు లైన్లు

మరి ఏం చేయాలి? మొదటి పని చాలా చిన్నది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు మీ మేనేజరుకు ఐదు లైన్ల మెయిల్ పంపండి. ఈ వారం ఏం ముగించాను, దానివల్ల ఏం జరిగింది, ఎవరు సాయం చేశారు, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏం చేస్తాను. అంతే. పది నిమిషాల పని. కొత్తగా చేరినవాళ్లు ముందుగా "ఇలా పంపితే మీకు ఉపయోగంగా ఉంటుందా సార్?" అని అడిగి మొదలుపెట్టండి. వద్దన్న మేనేజరును నేను ఇంతవరకు చూడలేదు. ఎందుకంటే ఆయన కూడా సోమవారం పై అధికారికి ఇలాంటిదే చెప్పుకోవాలి. మీరు ఆయన పని తేలిక చేస్తున్నారు.

ఆ ఐదింటిలో రెండోదే ప్రాణం: దానివల్ల ఏం జరిగింది? మనవాళ్లు చేసిన పని రాస్తారు, ఫలితం రాయరు. ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉన్న తమ్ముడు "బ్యాచ్ రికార్డులు సరిచూశాను" అని రాస్తాడు. అదే, "నలభై బ్యాచ్ రికార్డులు గడువుకు రెండు రోజుల ముందే ముగించాను, ఆరింటిలో ఉన్న పొరపాట్లు ఆడిట్‌కు ముందే దొరికాయి, సరిచేశాం" అని రాయొచ్చు. బ్యాంకులో ఉన్న చెల్లెలు "లోన్ దరఖాస్తులు చూశాను" అంటుంది. "పెండింగులో ఉన్న ముప్ఫై దరఖాస్తుల్లో ఇరవై ఆరు తేల్చాను, మిగిలిన నాలుగింటికి కాగితాలు రావాలి" అనొచ్చు. రెండింట్లోనూ పని ఒకటే. రెండోది చదివినవాళ్లకు మాత్రం ఆ పని విలువ తెలుస్తుంది. అంకెలు ఉన్నవి ఉన్నట్టు రాయండి, ఒక్కటి కూడా పెంచకండి. ఒక్కసారి పెంచి దొరికిపోతే, తరువాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆ మెయిళ్లన్నీ ఒకచోట దాచుకోండి. మార్చిలో సెల్ఫ్ అప్రైజల్ రాసేటప్పుడు కిందటి జూన్‌లో ఏం చేశామో ఎవరికీ గుర్తుండదు, మీ మేనేజరుకు అసలే ఉండదు. చివరి రెండు నెలల్లో చేసిందే ఏడాది పనిగా లెక్కయిపోతుంది. మీ దగ్గర మాత్రం యాభై వారాల లెక్క ఉంటుంది.

రెండోది, మీటింగులో నోరు విప్పడం. మనలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివాం. ఇంగ్లీషులో తప్పు మాట్లాడతామేమోనని ఊరుకుంటాం. మీటింగుకు వెళ్లే ముందు ఒకే ఒక వాక్యం, లేదా ఒక ప్రశ్న, కాగితం మీద రాసుకోండి. మీటింగు మొదలైన పది నిమిషాల్లోపే అది అడిగేయండి. ఆలస్యమయ్యేకొద్దీ గొంతు పెగలదు. పెద్ద మాటలేమీ అక్కర్లేదు. "ఈ మార్పు చేస్తే పాత కస్టమర్ల డేటాకు ఇబ్బంది రాదా?" అన్న ఒక్క ప్రశ్న చాలు, ఈ మనిషి ఆలోచిస్తున్నాడని పదిమందికి తెలియడానికి. వ్యాకరణం ఎవరూ గుర్తుపెట్టుకోరు, ప్రశ్నను గుర్తుపెట్టుకుంటారు. ఆన్‌లైన్ మీటింగయితే కెమెరా పెట్టుకోండి. ముఖమే తెలియని మనిషి గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేరు.

మూడోది, పనిని ఎంచుకోవడం. మొదటి రెండేళ్లలో ఇచ్చింది చేయాల్సిందే, తప్పదు. కానీ ప్రతి టీమ్‌లోనూ ఎవరికీ పట్టని ఒక పని ఉంటుంది, అది చేస్తే అందరికీ ఉపయోగం. కొత్తగా చేరినవాళ్లు చదువుకోవడానికి ఒక మంచి గైడు, నెలనెలా రివ్యూకు కావలసిన లెక్కల పట్టిక, పదేపదే వచ్చే సమస్యకు శాశ్వతమైన పరిష్కారం, ఇలాంటివి. ఒకటి పట్టుకుని పూర్తి చేయండి. మీ టీమ్ బయట మీ పేరు వినిపించడం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ చెల్లెళ్లకు ఒక మాట. పుట్టినరోజు కేకు తెప్పించడం, పార్టీకి డబ్బులు వసూలు చేయడం, మీటింగులో నోట్సు రాయడం, ఇవి ఎందుకో తిరిగి తిరిగి ఆడపిల్లల మీదికే వస్తాయి. ఒకసారి సంతోషంగా చేయండి. రెండోసారి "ఈసారి వేరేవాళ్లకు ఇద్దాం సార్, వంతులు పెట్టుకుందాం" అనండి. పన్నెండేళ్లలో కేకు గురించి ఆ గదిలో ఎవరూ ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

నాలుగోది, అడగడం. ప్రమోషన్ గురించి లెటర్లు వచ్చాక మాట్లాడితే లాభం లేదు. సగం ఏడాది గడిచాక, అక్టోబరు ప్రాంతంలో, మీ మేనేజరును ఒంటరిగా కలిసి ఇలా అడగండి: "పై స్థాయికి వెళ్లాలంటే నా పనిలో ఇంకా ఏం కనిపించాలండీ?" ఆయన చెప్పింది రాసుకుని అదే రోజు మెయిల్‌లో పెట్టండి. ఫిబ్రవరిలో ఆ మెయిల్ తీసి, "మీరు చెప్పిన మూడింటిలో ఇవి అయ్యాయి" అని చూపించండి. ఇందులో పోట్లాట ఏమీ లేదు, దేబిరించడమూ లేదు. మాట తీసుకున్నారు, మాట నిలబెట్టుకున్నారు. మీ మేనేజరు పైన ఉన్న అధికారితో మాట్లాడే అవకాశం వచ్చినా పని గురించే చెప్పండి. మీ మేనేజరుకు తెలియని సంగతి ఏదీ అక్కడ మొదటిసారి చెప్పకండి.

ఇది డప్పు కొట్టుకోవడం కాదా?

మీలో కొందరికి ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. ఇదంతా సొంత డప్పు కాదా, భజన కాదా అని. న్యాయమైన అనుమానమే. ఖాళీ కుండలకు మోత ఎక్కువన్నది కూడా మన సామెతే కదా. పని లేకుండా మోత మోగించేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉన్నారు. ఒకటి రెండేళ్లు వాళ్లు ముందుకు పోతారు కూడా. ఆ తరువాత పై స్థాయిలో అసలు పని మీద పడుతుంది, పక్కన చేసిపెట్టే మనిషి ఉండడు. వాళ్లను చూసి కుళ్లుకోవద్దు, వాళ్లలా మారనూ వద్దు.

డప్పుకూ నివేదికకూ తేడా తెలుసుకోవడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. చెప్పింది నిజమా? ఇది తెలిస్తే ఎదుటివాళ్లకు ఉపయోగమా? సాయం చేసినవాళ్ల పేర్లు ఇందులో ఉన్నాయా? మూడింటికీ అవునని జవాబు వస్తే అది డప్పు కాదు. మూడో ప్రశ్న మరీ ముఖ్యం. "టెస్టింగులో ఉన్న ఫలానా అమ్మాయి ఆ తేడా పట్టుకోబట్టే మేం సమయానికి ముగించాం" అని రాయండి. ఇంకొకరి పేరు చెప్పినందువల్ల మీ పేరు తగ్గదు. ఈ మనిషి ఉన్నది ఉన్నట్టు చెబుతాడన్న నమ్మకం పెరుగుతుంది. ఇంకొకరి పని మీ పేరు మీద వేసుకుంటే మాత్రం అది దొంగతనం, దానికి వేరే పేరు పెట్టకండి.

అణకువ గురించి మాట వచ్చినప్పుడల్లా మనం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకుంటాం. తలచుకోవాల్సిందే. 1920లలో హార్వర్డ్‌లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద, కండరాల్లో శక్తికి మూలమైన పదార్థాల మీద ఆయన చేసిన పని శాస్త్రంలో నిలిచిపోయింది. అంత చేసినా అక్కడ ఆయనకు శాశ్వతమైన స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు, కేన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చినవే. 1948లో యాభై మూడేళ్లకే కన్నుమూశారు. ప్రచారానికి దూరంగా ఉండేవారు, పేరు తన బృందంలోని వాళ్లకు ఇచ్చేవారు.

ఆ గుణానికి చేతులెత్తి మొక్కుతాను. దాంతోపాటు ఇంకో సంగతి కూడా చెప్పాలి. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక మాట చెప్పారు. సుబ్బారావు గారు ఎప్పుడో వేరుచేసిన కొన్ని పదార్థాలను, ఆ సంగతి వెలుగులోకి రాకపోవడం వల్ల, ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనాల్సి వచ్చిందట. ఆ సంగతి బయటికి రాకపోవడం ఆయన చేతిలో ఉన్నది కాదు. కానీ నష్టం ఆయన ఒక్కరిదే కాలేదు చూడండి. వెనక వచ్చినవాళ్లందరిదీ అయింది. చేసిన పని దాగిపోతే ఇంకొకరు అదే పని మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. ఆ రాత్రి ప్రోగ్రాముల అమ్మాయి విషయంలో జరిగిందీ అదే కదా. ఆమె ఏమేం సరిచేసిందో ఎక్కడా లేక, తరువాత వచ్చినవాళ్లు మొదటి నుంచి వెతుక్కున్నారు.

అందుకే చెబుతున్నాను. చేసిన పని పదిమందికి తెలిసేలా పెట్టడం గొప్ప కోసం చేసేది కాదు, అది ఆ పనిలోనే చివరి భాగం. లెక్క చేసి జవాబు కింద గీత గీయకపోతే మాస్టారు ఊరుకునేవారా?

అన్నిసార్లూ ఫలించదు

ఇవన్నీ చేస్తే ప్రమోషన్ ఖాయమని నేను చెప్పను. కొందరు మేనేజర్లు మీ వాక్యం తీసుకుని తమ పేరు పెట్టుకుంటారు. కొన్ని ఏళ్లు కంపెనీకే బాగుండవు, ఎవరికీ ఏమీ రాదు. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన తల్లి ఏడాది లెక్క సగమే కనిపిస్తుంది. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లను పగటివాళ్లు మరిచిపోతారు. ఇలాంటివాళ్లు ఆ శుక్రవారం మెయిల్‌ను అసలే వదలకూడదు. రెండేళ్లు చూసినా అక్కడ మార్పు లేదనుకోండి, మీరు రాసి పెట్టుకున్న ఆ లెక్కలు మీవే. కొత్త కంపెనీలో ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు "మీరు చేసిందేమిటి?" అని అడిగితే, మిగతావాళ్లు ఆలోచించుకుంటారు, మీరు చెబుతారు. అయితే కంపెనీ రహస్యాలు, క్లయింటు వివరాలు మాత్రం బయటికి తీసుకుపోకండి. మీ పని లెక్క వరకే మీది.

ఇక నాలాగా మేనేజర్లయిన పూర్వ విద్యార్థులతో ఒక మాట. చెప్పుకోలేనివాళ్ల పని చూడటం మన బాధ్యత. మా లెక్కల మాస్టారు చివరి బెంచీ దాకా నడిచి వెళ్లేవారు. మన టీమ్‌లో మాట్లాడని మనిషి దగ్గరికి నెలకొకసారైనా మనం వెళ్లాలి. "ఈ నెల ఏది సరిచేశావమ్మా? ఏది ఆగకుండా చూశావు?" అని అడగాలి. ఏది ఆగిపోయిందని అందరూ అడుగుతారు. ఏది ఆగకుండా చూశావని మనం అడగాలి. ఆ జవాబు పట్టుకుని గదిలోకి వెళ్లాలి.

గురువులకు ఒక విన్నపం. నేను మొదటిసారి పదిమంది ముందు నోరు విప్పింది ఈ బడి ప్రార్థన సమావేశంలో వార్తలు చదవడానికి. ఆ రెండు నిమిషాలు నాకు ఉద్యోగంలో ఎన్నోసార్లు అక్కరకొచ్చాయి. దయచేసి ఆ అవకాశం గొంతు బాగున్న నలుగురికే కాకుండా వంతులవారీగా అందరికీ ఇవ్వండి. లెక్క చేసిన పిల్లవాడిని బోర్డు దగ్గరికి పిలిచి, ఎలా చేశాడో తోటివాళ్లకు చెప్పమనండి. చేయడం మీరు మాకు బాగా నేర్పారు. చేసింది చెప్పడం కూడా నేర్పితే, ఈ బడి నుంచి వెళ్లే పిల్లలు ఏ గదిలోనూ కనిపించకుండా పోరు.

మన సంఘం ఈ స్వర్ణోత్సవం గుర్తుగా ఒక చిన్న పని పెట్టుకోవాలని కార్యదర్శి గారిని కోరాను, ఆయన సరేనన్నారు. ఉద్యోగంలో పదేళ్లు దాటిన ప్రతి పూర్వ విద్యార్థీ, కొత్తగా చేరిన ఇద్దరు తమ్ముళ్లతోనో చెల్లెళ్లతోనో నెలకొకసారి ఫోన్‌లో అరగంట మాట్లాడాలి. వాళ్ల మెయిల్ ఎలా రాయాలో చూడాలి, సెల్ఫ్ అప్రైజల్ చదివి సరిదిద్దాలి. ఈ సభ అయ్యాక బయట బల్ల దగ్గర నోటు పుస్తకం ఉంటుంది. అందులో మొదటి పేరు నాది. మిగతా పేర్లు మీరు నింపండి.

గురువులారా, మేం అడగకుండానే మీరు మమ్మల్ని చూశారు. మా తరువాతి వాళ్లను చూసే వంతు ఇప్పుడు మాది.